పాత కారులో పెట్రోలు ఆవిరి పని: విశాఖ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదటి ఆదివారం

కారు 2005 నాటిది. నాన్నగారు ఇష్టపడి కొన్నది, ఇప్పుడు నా సంరక్షణలో ఉంది. 1300 సీసీ పెట్రోలు ఇంజను, ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండరుకూ విడి ఇంజెక్టరు), 40 లీటర్ల ట్యాంకు. ఇంజను శబ్దంలో కాని, లాగుడులో కాని వంక పెట్టడానికి లేదు. బాధంతా వాసనతోనే. ఎండలు ముదిరినప్పటి నుంచి మా అపార్టుమెంటు కింది పార్కింగులో మధ్యాహ్నం వేళ పెట్రోలు వాసన గట్టిగా వస్తోంది. మొదటి అంతస్తు పిన్నిగారు వాచ్‌మన్‌ను పిలిచి, "ఎవరింట్లో గ్యాస్ లీకవుతోందో చూడు నాయనా" అని ఇల్లిల్లూ తిప్పించారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వెంకటాపురం మీద స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి విరుచుకుపడిన తర్వాత విశాఖలో ఏ వాసననూ ఎవరూ తేలికగా తీసుకోరు. తీసుకోకూడదు కూడా.

వాసనతో పాటు ఇంకొన్ని లక్షణాలు ఉన్నాయి. ట్యాంకు నిండా పోయించిన రోజున, వేడి మీదున్న ఇంజనును ఆపి కాసేపాగి మళ్లీ స్టార్టు చేస్తే సెల్ఫ్ చాలాసేపు తిరుగుతుంది. అందుకున్నాక ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజను వేగం, ఊగిసలాడుతుంది. యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఉంచితే సర్దుకుంటుంది. ట్యాంకు సగానికి దిగాక ఇవేవీ కనిపించవు. ఎండలో నిలిపాక పెట్రోలు మూత తిప్పితే బుస్సుమని గాలి బయటికి వస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం మాత్రం ఒక్కసారీ వెలగలేదు.

ట్యాంకు నిండినప్పుడే బాధ పెరగడం చూసి ఇది ఆవిరిని అదుపు చేసే వ్యవస్థ గొడవేనని అనిపించింది. అయినా దాని జోలికి వెళ్లే ముందు పెట్రోలు ఎక్కడా ద్రవంగా కారడం లేదని తేల్చుకోవాలి. ఆవిరి వాసన ఇబ్బంది, కారే పెట్రోలు అగ్నిప్రమాదం. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని ఇచ్చే ద్రవం ఇది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేల బారున పాకి మూలల్లో నిలుస్తుంది. గాలిలో అది ఒకటిన్నర శాతం చేరకముందే మంట పట్టగలదు. మా పార్కింగులో ఒక పక్క ఎలక్ట్రిక్ స్కూటర్లకు చార్జింగ్ ప్లగ్గులున్నాయి, మరో పక్క సాయంత్రాలు పిల్లలు ఆడుకుంటారు.

అందుకని ముందు కారును బయట, గేటు పక్కన గాలి ఆడే చోటికి మార్చాను. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఇంజను చల్లారాక మొదలుపెట్టాను. ఇంజెక్టర్ల మొదళ్లు, ఫ్యూయల్ ఫిల్టరు జాయింట్లు, వెనక సీటు కింద మూత తీస్తే కనిపించే పంపు పైభాగం, ట్యాంకు అడుగు, అన్నీ తెల్ల కాగితంతో అద్ది చూశాను. ఎక్కడా తడి లేదు. మరక కూడా లేదు. ఇక ఆవిరి దారి వెతకాలి.

అదే వారం, సాయంత్రాలు

పని ఎలా జరగాలో ముందు రాసుకుంటాను, ఏది తప్పిందో తర్వాత దానితో పోల్చుకోవచ్చు.

ట్యాంకులోని పెట్రోలు ఎండకు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోకుండా ఒక సన్నని గొట్టం ద్వారా యాక్టివేటెడ్ కార్బన్ నింపిన డబ్బాలోకి వెళ్తుంది. దాన్నే కానిస్టర్ అంటారు, మన మెకానిక్కులు బొగ్గు డబ్బా అంటారు. బొగ్గు ఆవిరిని తనలో పట్టుకుంటుంది. ట్యాంకుకూ డబ్బాకూ మధ్య ఒక చిన్న కవాటం ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ చేసే పనే ఇదీ చేస్తుంది, కాకపోతే రెండు వైపులా తెరుచుకుంటుంది: ట్యాంకులో ఒత్తిడి పెరిగితే ఆవిరిని డబ్బా వైపు వదులుతుంది, ట్యాంకు చల్లబడి లోపల శూన్యత ఏర్పడితే బయటి గాలిని లోపలికి రానిస్తుంది.

డబ్బా నిండిపోకుండా ఖాళీ చేసేది పర్జ్ వాల్వ్. ఇంజను వేడెక్కి, కారు ఒక వేగంలో సాగుతున్నప్పుడు ఇంజనును నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూ, ఆ వాల్వును టకటకా తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఇంజను పీల్చుకునే బలానికి డబ్బా అడుగున ఉన్న రంధ్రం నుంచి తాజా గాలి బొగ్గులోంచి దూసుకుపోయి, పట్టుకున్న ఆవిరిని ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోకి, అంటే ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి, తీసుకుపోతుంది. అక్కడ అది పెట్రోలుగానే మండుతుంది. వృథా అయ్యేది ఏమీ లేదు. ఐడ్లింగులో, చల్లటి ఇంజనులో మాత్రం ఈ వాల్వు మూసుకునే ఉండాలి, లేకపోతే లెక్కలో లేని ఆవిరి వచ్చి పడి మిశ్రమం చిక్కబడుతుంది.

చాలా చక్కని ఏర్పాటు ఇది. అమెరికాలో 1970 మోడళ్లకు కాలిఫోర్నియాలో, 1971 నుంచి దేశమంతటా ఆవిరి నియంత్రణ తప్పనిసరి అయింది. మన దేశంలో 2000 నుంచి పెట్రోలు కార్లకు ఒక పరీక్షలో 2 గ్రాములకు మించి ఆవిరి పోకూడదనే హద్దు పెట్టారు. కారును మూసిన గదిలో నిలిపి, గది గాలిలో చేరిన ఆవిరిని కొలుస్తారు. అయితే ఆ పరీక్ష కొత్త మోడలుకు అనుమతి ఇచ్చేటప్పుడు జరిగేది. ఇరవై ఏళ్లు సముద్రపు గాలిలో తిరిగిన కారును ఆ గదిలో పెట్టి చూసేవారు లేరు.

మన పొల్యూషన్ పరీక్షా దీన్ని చూడదు. బీఎస్ 2, బీఎస్ 3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) కార్లకు ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదన్నది నియమం. సైలెన్సరులో గొట్టం పెట్టి కొలుస్తారు. మా కారు ఆ పరీక్షలో నెగ్గింది, సర్టిఫికెట్ ఉంది. కాని ఈ కారు రోజులో నడిచేది ఒకటి రెండు గంటలు, మిగతా వేళంతా పార్కింగులో ఉంటుంది. వాసన వచ్చేది ఆ మిగతా వేళలోనే. సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన కారు శుభ్రంగా ఉన్నట్టు కాదని నాకు ఈ పని చేస్తుంటే గట్టిగా తెలిసివచ్చింది.

ఇంజను దీపం వెలగకపోవడానికీ కారణం ఉంది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదుతో కలిపి 11 నగరాలకు బీఎస్ 3 వచ్చింది, మిగతా దేశానికి బీఎస్ 2. విశాఖ ఆ పదకొండిటిలో లేదు. మన కార్లలో ఓబీడీ, అంటే లోపాలను కారే కనిపెట్టి కోడు చూపించే ఏర్పాటు, బీఎస్ 4తో, 2010 తర్వాత వచ్చిన సంగతి. పైగా ఆవిరి గొట్టాల్లో సన్నని చిల్లు పడితే తనంతట తాను కనిపెట్టే ఏర్పాటు అమెరికా కార్లలో లాగా ఈ కారులో లేనే లేదు. అక్కడి కార్లలో ఒక మిల్లీమీటరు చిల్లు పడినా పీ0442 అని కోడు చూపిస్తుంది. ఇక్కడ ముక్కే స్కానరు.

శనివారం

గొట్టాల దారి పట్టుకున్నాను. ఈ కారులో కానిస్టర్ బానెట్ కింద, ఎడమ పక్క చక్రం గూడు దగ్గర ఉంది. దానికి మూడు ముక్కులు: ఒకటి ట్యాంకు నుంచి, ఒకటి పర్జ్ వాల్వుకు, ఒకటి బయటి గాలికి. హోస్ పైపులు తీసే ముందు ప్రతిదానికీ రంగు దారం కట్టి ఫోనులో ఫోటో తీసుకున్నాను. బానెట్ లోపల అంటించిన బొమ్మ కాగితం ఎప్పుడో వెలిసిపోయింది, ఎవరికైనా ఇదొక్కటే దారి.

హోసుల పరిస్థితి చూసి బాధ కలిగింది. వంచితే చాలు, పైపొర పగుళ్లు విచ్చుకుంటున్నాయి. పర్జ్ వాల్వుకు వెళ్లే హోసు చివర క్లిప్పు కింద చీలిపోయి ఉంది. వయసు ఒక కారణం, ఇంజను వేడి ఒక కారణం, పెట్రోలు మారడం ఇంకో కారణం. 2023 ఫిబ్రవరి నుంచి ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, బంకుల్లోకి రావడం మొదలైంది, ఇప్పుడు దాదాపు ఎక్కడ పోయించినా అదే. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, రబ్బరు గోడలోంచి పెట్రోలు కన్నా సులువుగా ఊరి బయటికి వస్తుంది. 2005లో ఈ హోసులు తయారు చేసినవారు దాన్ని లెక్కలోకి తీసుకుని ఉండరు.

తర్వాత పర్జ్ వాల్వు. మల్టీమీటరుతో చుట్ట నిరోధం 28 ఓములు చూపింది, అంటే తీగ తెగలేదు. 12 వోల్టులు ఇస్తే టక్‌మని శబ్దం చేసింది. చాలామంది ఇక్కడితో ఆపేసి వాల్వు బాగుందని తేల్చేస్తారు. అసలు పరీక్ష కరెంటు లేనప్పుడు చేయాలి. శుభ్రమైన గొట్టం ముక్క పెట్టి నోటితో ఊదాను, గాలి మెల్లగా అవతలికి పోతోంది. కరెంటు లేకుంటే మూసుకుని ఉండవలసిన వాల్వు ఇది, గాలి చుక్కంతైనా దాటకూడదు. తిరగేసి తెల్ల గుడ్డ మీద తట్టితే నల్లటి పొడి రాలింది.

ఆ పొడి చూశాక దారి స్పష్టమైంది. అది కానిస్టర్‌లోని బొగ్గు. అంటే డబ్బా లోపల బొగ్గు గుళికలను పట్టి ఉంచే వడపోత పొర చిరిగింది, గుళికలు రాపిడికి పొడై గొట్టం వెంట వచ్చి వాల్వు నోట్లో ఇరుక్కున్నాయి. కానిస్టర్‌ను చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంది. లోపల స్ప్రింగు బిగువుకు కదలకుండా ఉండవలసిన గుళికలవి. ఒక్క వాల్వు మార్చి ఊరుకుంటే కొత్త వాల్వుకూ అదే గతి పడుతుంది.

లక్షణాలన్నీ ఇప్పుడు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ట్యాంకు నిండా ఉన్నప్పుడు డబ్బాలో ఆవిరి ఎక్కువ, మూసుకోని వాల్వు గుండా అది ఐడ్లింగులోనే ఇంజనులోకి పోతోంది. వేడి మీద వెంటనే స్టార్టు కాకపోవడానికీ, ఊగిసలాటకీ అదే కారణం.

మధ్యలో ఒక రోజు, కంచరపాలెం

ఊహ సరైనదో కాదో అంకెల్లో చూడాలనిపించింది. నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ స్కానరు ఇంత పాత కారును గుర్తుపట్టదు. కంచరపాలెంలో నాన్నగారి రోజుల నుంచీ మాకు తెలిసిన మెకానిక్ గారి దగ్గర పెద్ద స్కానరు ఉంది. ఈ పరీక్ష కోసం చీలిన హోసు చివర కోసి, పాత వాల్వునే మళ్లీ బిగించి, దారిలో ట్యాంకు నింపించి తీసుకెళ్లాను.

ఇంజను వేడెక్కాక ఐడ్లింగులో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) మైనస్ 18 శాతం దగ్గర ఆడుతోంది. అంటే మిశ్రమం చిక్కగా ఉందని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంటే, ఈసీయూ పెట్రోలును అంత మేర కోసేస్తోంది. పర్జ్ హోసును మెత్తటి దవడల శ్రావణంతో నొక్కి పట్టుకున్నాం. కొద్ది సెకన్లలోనే ట్రిమ్ మైనస్ 3కి వచ్చింది, ఐడ్లింగ్ కుదురుకుంది. వదిలితే మళ్లీ మొదటికి. ఇంతకన్నా సూటి రుజువు ఉండదు. ఇంజెక్టర్లు మార్చమనీ, సెన్సర్లు మార్చమనీ ఎవరైనా చెబితే, ముందు ఈ ఒక్క పరీక్ష చేసి చూడమని అడగండి.

మెకానిక్ గారు వెంటనే ఒక దారి చెప్పారు. "ఈ పైపు మూసేసి డబ్బా తీసేద్దాం బాబూ. చాలా కార్లకు అలాగే చేశాను, అందరూ బాగానే తిరుగుతున్నారు." ఆయన మంచి పనివాడు, కస్టమరు డబ్బు ఆదా కావాలనే అంటున్నారు. కాని దీన్ని నేను ఒప్పుకోలేను. డబ్బా తీసేస్తే ట్యాంకు ఆవిరి నేరుగా గాలిలోకి పోతుంది, గొట్టం మూసేస్తే ట్యాంకులో ఒత్తిడి పెరిగి ఏ జాయింటులోంచో బయటపడుతుంది. ఎటు పోయినా చేరేది మా పార్కింగుకే. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, 1 శాతం దాటకూడదని హద్దు ఉంది గాని, అది క్యాన్సరు కారకం. పైగా ఎండలో ఈ ఆవిరులు, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడులు కలిసి నేల మట్టంలో ఓజోన్ తయారవుతుంది. మల్కాపురం వైపు వెళ్తే రిఫైనరీ ట్యాంకులు కనిపిస్తాయి. పెట్రోలు నిలవచేసే పెద్ద ట్యాంకులకు ద్రవం మీదే తేలే కప్పు పెడతారు, ఆవిరికి చోటు లేకుండా చేయడానికే. అంత పెద్ద ట్యాంకుకు ఆ జాగ్రత్త అవసరమైనప్పుడు, మనుషులు నిద్రపోయే గదుల కిందున్న ట్యాంకుకు అవసరం కాదా?

ఇదంతా ఆయనతో అన్నాను. కాసేపు విని, "అయితే సామాన్లు తెచ్చుకోండి బాబూ, బిగించేటప్పుడు నేనూ చూస్తాను" అన్నారు.

సామాన్ల వేట

పర్జ్ వాల్వు సులువుగానే దొరికింది. అదే పరిమాణం, అదే ప్లగ్గు. దుకాణంలోనే ఊది చూసి, గాలి దాటడం లేదని నమ్మకం కుదిరాక కొన్నాను.

కానిస్టర్ దగ్గర కష్టమొచ్చింది. ఈ మోడలుకు కొత్తది రావడం ఆగిపోయింది. గాజువాక ఆటోనగర్‌లో పాత కార్లు విప్పే చోట రెండు మూడు చూపించారు. చవక. కాని అవీ ఇదే వయసువి, ఇదే ఎండ తిన్నవి. ఒకటి ఊపితే గలగలమంది, ఇంకొకటి బరువుగా ఉండి వంచితే పెట్రోలు చుక్కలు పడ్డాయి. ద్రవం తాగిన బొగ్గుకు ఆవిరి పట్టే శక్తి పోతుంది. అది ఎలా తాగుతుందో మనందరికీ తెలిసిన అలవాటే చెబుతుంది: బంకులో గన్ను టక్‌మని ఆగిపోయాక కూడా లెక్క రౌండు చేయడానికి ఇంకాస్త, ఇంకాస్త పోయడం. ట్యాంకు మెడ దాకా నిండితే ఆవిరి గొట్టంలోకి ద్రవమే వెళ్తుంది. గన్ను ఆగిన చోటే ఆపమని నేను ఇప్పుడు ప్రతిసారీ చెబుతున్నాను. చిల్లర గొడవ ఉంటే ఫోనులో చెల్లిస్తే సరిపోతుంది.

పాత డబ్బా కోసి కొత్త బొగ్గు నింపుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. కొబ్బరి చిప్పలతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్ నీటి ఫిల్టర్ల కోసం ఎక్కడైనా దొరుకుతుంది. కాని అది ఈ పనికి సరిపడదు. దాని రంధ్రాలు మరీ సన్నవి, పట్టుకున్నదాన్ని సులువుగా వదలవు. కానిస్టర్‌లోని బొగ్గుకు పట్టడం ఎంత ముఖ్యమో, గాలి తగలగానే వదలడం అంత ముఖ్యం. వదలని బొగ్గు కొన్నాళ్లకే నిండిపోయి ఏ పనికీ రాకుండా పోతుంది.

చివరికి ఇప్పటికీ సామాన్లు దొరికే వేరే మోడలు కానిస్టర్ తీసుకున్నాను. ఎంచుకునేటప్పుడు చూసినవి: ఆ మోడలు ట్యాంకు మా ట్యాంకు కన్నా చిన్నది కాకూడదు, ముక్కుల లావు హోసులకు సరిపోవాలి, నిలువుగా బిగించే రకమే కావాలి. పట్టీ మాత్రం కొత్తగా చేయించాను.

హోసుల విషయంలో రాజీ పడలేదు. నీళ్ల పైపు ముక్కలు, అక్వేరియం గొట్టాలు ఈ పనికి పెట్టిన కార్లు చూశాను, కొన్ని నెలలకే రాయిలా బిగుసుకుపోతాయి. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ఇంధన హోసుల ప్రమాణపు ముద్ర ఉన్న హోసు అడిగి తెచ్చాను. లోపలి పొర ఫ్లోరోఎలాస్టోమర్ అనే రబ్బరు, ఇథనాల్‌కు తట్టుకుంటుంది, దానిలోంచి ఆవిరి ఊరడమూ తక్కువ. ఆవిరి గొట్టానికి ఆర్7 రకం చాలు, ధర కూడా తక్కువే. కాని మళ్లీ పదేళ్లు దీని జోలికి రాకూడదని నా కోరిక.

మే, ఎండ బాగా ఉన్న ఆదివారం

బిగింపు ఒక పూటలో అయిపోయింది. కానిస్టర్ గాలి ముక్కుకు చిన్న గొట్టం తగిలించి నోరు కిందికి తిప్పాను, చక్రం చిమ్మే నీళ్లు లోపలికి పోకుండా. ఇన్‌టేక్ వైపు ముక్కులో పేరుకున్న నల్ల పొడిని గుడ్డతో తుడిచి తీశాను. వాల్వు మీది బాణం గుర్తు మ్యానిఫోల్డు వైపు ఉండేలా పెట్టి క్లిప్పులు బిగించాను. బ్యాటరీ వైరు కలిపి స్టార్టు చేస్తే ఐడ్లింగ్ రాయిలా నిలిచింది. ట్యాంకు నింపించి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా తిప్పి, ఆపి, కాసేపాగి మళ్లీ తాళం తిప్పాను. వెంటనే అందుకుంది. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

కాని మధ్యాహ్నం పార్కింగులో మళ్లీ వాసన. బాగా తగ్గింది, నిజమే. బానెట్ దగ్గర ఏమీ లేదు. వెనక తలుపు కింద వంగితే మాత్రం తెలుస్తోంది.

తర్వాతి వారం

ట్యాంకు, మూత, గొట్టం వీటిలో ఏది వదులుతోందో విడివిడిగా తేల్చాలి. గొట్టాల్లోకి పొగ పంపి చిల్లు చూపించే స్మోక్ మెషిన్ ఉంటే పని సులువు. అది నా దగ్గర లేదు, పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకులోకి కంప్రెసరు గాలి కొట్టడం ప్రమాదం, దానికి ఒప్పుకోను. అందుకని ఎండనే పంపుగా వాడుకున్నాను.

పారదర్శకమైన సన్నని గొట్టాన్ని చెక్క మీద యూ ఆకారంలో బిగించి, సగం దాకా రంగునీళ్లు పోశాను. ఒక చివరను ట్యాంకు వైపు ఆవిరి దారిలో, రెండువైపుల కవాటానికి ముందు ఒక టీ జాయింటు పెట్టి కలిపాను. రెండో చివర గాలికి తెరిచి ఉంది. నీటి మట్టాల మధ్య 10 సెంటీమీటర్ల తేడా వస్తే ఒత్తిడి దాదాపు ఒక కిలోపాస్కల్. ఖర్చు లేని పనిముట్టు, అబద్ధం చెప్పదు.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు మూత బిగించి కారును ఎండలోకి జరిపాను. నీళ్లు మెల్లగా జరగడం మొదలైంది. ఎండ ఎక్కే కొద్దీ తేడా పెరిగి పెరిగి, ఒక చోట ఆగి, అక్కడే సన్నగా ఊగుతూ నిలిచింది. కవాటం తెరుచుకున్న చోటు అది. ట్యాంకుకు చిల్లు ఉన్నా, మూత రబ్బరు వదులైనా నీళ్లు అంత ఎత్తుకు వెళ్లవు. సాయంత్రం కారు నీడకు వచ్చి చల్లబడ్డాక నీళ్లు రెండోవైపుకు కొద్దిగా మాత్రమే జరిగి ఆగాయి. అంటే కవాటం లోపలికీ గాలి వదులుతోంది. ట్యాంకు, మూత, కవాటం మూడూ నిర్దోషులు. మిగిలింది కవాటం నుంచి ముందు డబ్బా దాకా కారు అడుగున పోయే స్టీలు గొట్టం.

ఆ గొట్టాన్ని రెండు చివరలా విడదీశాను. ఒక చివర మూసి, రెండో చివర నుంచి నోటితోనే మెల్లగా ఊది, నాలుక అడ్డం పెట్టాను. ఒత్తిడి నిలవలేదు. సబ్బు నురగ బ్రష్షుతో పూస్తూ పోతే, వెనక సీటు కిందికి వచ్చే చోట, గొట్టాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు కింద బుడగలు లేచాయి. క్లిప్పు తీస్తే లోపల తడి మట్టి, దాని కింద ఎర్రగా తుప్పు, మధ్యలో సూదిమొనంత చిల్లు.

సముద్రం పక్క ఊళ్లో ఉన్నవారందరికీ ఈ మాట చెప్పాలని ఉంది. మన కార్లలో తుప్పు కనిపించే చోట కన్నా కనిపించని చోట ఎక్కువ తింటుంది. బీచ్ రోడ్డు మీద కారు నిలిపితే ఉప్పు తుంపర అడుగుకీ చేరుతుంది. పైన వాన కడుగుతుంది, అడుగున క్లిప్పుల వెనక చేరిన మట్టి ఆ ఉప్పును తడిగా పట్టుకుని కూర్చుంటుంది. వానాకాలం అయ్యాక ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి మంచినీళ్లతో కారు అడుగు కడిగించండి. పై రంగుకు పెట్టే పాలిష్ ఖర్చులో అది ఎంతో కాదు.

చిల్లు మీద వెల్డింగ్ బొట్టు పెట్టేద్దామని పక్క షెడ్డు కుర్రవాడు ఉత్సాహంగా వచ్చాడు. ట్యాంకు అరచేతి దూరంలో ఉంది. వద్దని గట్టిగా చెప్పి పంపించాను. మెకానిక్ గారు కూడా నాకే మద్దతు పలికారు. తుప్పు తిన్న భాగాన్ని చేతి కట్టరుతో కోసి తీసేశాం. రంపమూ వద్దు, గ్రైండరూ వద్దు, నిప్పురవ్వ పుట్టే ఏ పనిముట్టూ వద్దు. అదే లావు కొత్త స్టీలు గొట్టం పాత వంపుల ప్రకారం ఆయన చేత్తోనే వంచారు. ఆ చేతి నైపుణ్యం చూడముచ్చటగా ఉంది. చివరలు కొద్దిగా ఉబ్బించి, రెండు పక్కలా ఆర్9 హోసు ముక్కలతో కలిపి క్లాంపులు వేశాం. తుప్పు నిరోధక రంగు రెండు పూతలు వేసి, క్లిప్పు కింద గ్రీసు నింపాం. మళ్లీ ఊది చూస్తే నాలుక కింద ఒత్తిడి నిలిచింది.

అరకు ఘాట్ పరీక్ష

ఎండలో పార్కింగు పరీక్ష నెగ్గింది, కింద వాసన లేదు. అయినా ఈ వ్యవస్థకు అసలు పరీక్ష కొండ ఎక్కడమే. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే సముద్ర మట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరతాం. అక్కడ గాలి ఒత్తిడి కింది కన్నా దాదాపు 10 కిలోపాస్కల్స్ తక్కువ. ట్యాంకులో ఒత్తిడి మాత్రం కింది నుంచి తెచ్చినదే, కాబట్టి ఆవిరి ఒక్కసారిగా డబ్బా మీదకు వస్తుంది. ఇంజను వేడి, మలుపుల్లో పెట్రోలు కుదుపు, రెండో గేరులో నెమ్మది నడక, అన్నీ దానికి తోడు. పోయిన ఏడాది ఇదే దారిలో అనంతగిరి దగ్గర కాఫీకి ఆగినప్పుడు అమ్మ కారులోంచి దిగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈసారి యూ గొట్టం కారులో పెట్టుకోలేదు, కుదుపులకు నీళ్లు నిలవవు. ఆగిన చోటల్లా బానెట్ ఎత్తి, వెనక చక్రం దగ్గర వంగి చూశాను. ఎక్కేటప్పుడు కానిస్టర్ గాలి ముక్కు దగ్గర ముక్కు ఆనిస్తే లీలగా వాసన, అంతే. కారు లోపల ఏమీ లేదు. అనంతగిరిలో ఇంజను ఆపి కాఫీ తాగి వచ్చి తాళం తిప్పితే వెంటనే అందుకుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది, ట్యాంకు గాలి లోపలికి తీసుకోవాలి. ఈ దారి మూసుకుపోయిన కార్లలో పంపు ఏడుపు శబ్దం వస్తుంది, మరీ ముదిరితే ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది కూడా. దిగువన ఆగి మూత తిప్పితే కొద్దిగా లోపలికి పీల్చుకుని ఊరుకుంది.

మళ్లీ కంచరపాలెం వెళ్లి స్కానరు తగిలించాం. ట్యాంకు నిండా ఉంది, ఇంజను వేడిగా ఉంది. ట్రిమ్ ప్లస్ 1కీ మైనస్ 3కీ మధ్య తిరుగుతోంది. ఇంజను వేగం పెంచి పట్టుకుంటే పర్జ్ వాల్వు టకటకమనడం వేలికి తెలుస్తోంది, ఆ క్షణంలో ట్రిమ్ కాస్త కిందికి దిగి మళ్లీ పైకి వస్తోంది. డబ్బాలోంచి ఆవిరి వచ్చి మండుతున్న గుర్తు అది. మెకానిక్ గారు ఆ అంకెలను చాలాసేపు చూసి, తన దగ్గర డబ్బా తీసేసిన ఇంకో పాత కారు ఉందనీ, దాని ఓనరుతో మాట్లాడతాననీ చెప్పారు. కానిస్టర్ ఏ మోడలుది సరిపోయిందో, ముక్కుల కొలతలు ఏమిటో కాగితం మీద రాసి ఇచ్చాను.

మిగిలిన పని

పెట్రోలు మూత రబ్బరు ఇప్పుడు బాగానే పట్టి ఉంది గాని గట్టిపడుతోంది, వానలకు ముందు మార్చాలి. పంపు పైభాగం కింది ఓ-రింగు పాతదే, దాన్ని కదిలించలేదు. ట్యాంకు దించే పని పడినప్పుడు కొత్తది వేస్తాను. కొత్త స్టీలు గొట్టం రంగు వానాకాలం తర్వాత ఒకసారి చూడాలి. విప్పిన కానిస్టర్ డాబా మీద నీడలో, పిల్లలకు అందని చోట గాలికి పెట్టాను. వాసన పూర్తిగా పోయాక మెకానిక్ గారి షెడ్డుకు ఇస్తాను, కోసి లోపలి వడపోత పొర కుర్రవాళ్లకు చూపిస్తానని అడిగారు.